శీతాకాలంలో ఇంటి గోల్ఫ్ సిమ్యులేటర్: ఏ నంబర్ నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. ఇంట్లో పెట్టుకునే సిమ్యులేటర్, అంటే నెట్‌లోకి బాల్ కొడితే మిషన్ దాన్ని చూసి, మైదానంలో అయితే ఎంత దూరం, ఎటు పోయేదో తెర మీద చూపించే ఏర్పాటు, శీతాకాలం ప్రాక్టీస్‌కి సరిపోతుంది, నేను గట్టిగానే చెప్తాను. కాకపోతే తెర మీద కనపడే నంబర్లన్నీ ఒక్క రకం నిజం కాదు. కొన్ని ఆ మిషన్ నిజంగా కొలిచినవి, కొన్ని లెక్కకట్టి అంచనా వేసినవి, రెండూ ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కనే వేసేస్తుంది కాబట్టి చూసేవాడికి ఏది ఏదో తెలీదు. ఆ తేడా తెలుసుకున్నవాడికి ఇది మంచి సాధనం, తెలీనివాడికి నాలుగు నెలలు తప్పు దారిలో కష్టపడటమే.

మాది కోరాపుట్ జిల్లా, సెమిలిగుడ వైపు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, మా ఇలాకా అంతా అంతే. ఇక్కడ చలి గురించి కింద ఊళ్ళవాళ్ళకి చెప్తే నమ్మరు గానీ డిసెంబర్ జనవరిలో పొద్దున్న తొమ్మిదయ్యే దాకా ఎదురింటి గోడ కనపడదు, సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. గోల్ఫ్ ఆడాలంటే విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కి దిగాలి, సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు. విశాఖలో ఆట బాగుండేది చలికాలమే, ఎండ తక్కువ, చెమట తక్కువ, కానీ మాకు దారి కష్టమయ్యేది కూడా సరిగ్గా అప్పుడే, ఘాట్‌లో పొగమంచు, పైగా దేవమాలి చూడ్డానికి, అరకు చూడ్డానికి వచ్చే బళ్ళు. అందుకని వారం మధ్యలో చెయ్యి ఆడించుకోడానికి ఇంటి వెనక రేకుల షెడ్డులో నెట్టూ, మ్యాటూ, బాల్ వెనకాల పెట్టుకునే చిన్న రాడార్ మిషనూ, ఒక ప్రొజెక్టరూ పెట్టుకున్నాను.

మా జయపురం బావ వచ్చినప్పుడల్లా అడుగుతాడు. "ఏటి బామ్మర్దీ, ఇది నిజంగా కొలుస్తాదా, లేపోతే పిల్లల వీడియో గేమా?" అని. బావకి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే రెండూ నిజమే. అందుకే ఇంత రాస్తున్నాను.

ఈ మిషన్లు రెండు జాతులు. ఒకటి రాడార్, ఇంకోటి కెమెరా. రాడార్ జాతికి పెద్దన్న ట్రాక్‌మ్యాన్, డెన్మార్క్ కంపెనీ, 2003లో మొదలైంది. ఫ్లైట్‌స్కోప్ మేవో ప్లస్, 2021లో 600 డాలర్లకి వచ్చిన గార్మిన్ ఆర్ 10, ఇవన్నీ కూడా రాడార్లే. ఇవి బాల్ వెనకాల కూర్చుని ముందుకి తరంగాలు పంపి, కదిలే బాల్ మీంచి తిరిగొచ్చిన తరంగాల్లో మార్పు పట్టుకుని స్పీడ్ లెక్కకడతాయి. కెమెరా జాతిలో ఫోర్‌సైట్ జీసీక్వాడ్, దాంట్లో 4 కెమెరాలు ఉంటాయి, తర్వాత స్కైట్రాక్, పైన సీలింగ్‌కి బిగించే యూనీకోర్ మిషన్లు. ఇవి దెబ్బ తగిలిన క్షణంలో బాల్‌ని టకటకా ఫొటోలు తీసి, ఒక ఫొటోకి ఇంకో ఫొటోకి మధ్య బాల్ ఎంత జరిగింది, ఎంత తిరిగింది అని చూస్తాయి. రాప్సోడో ఎమ్ఎల్ఎమ్ 2 ప్రో లాంటివి రెండూ కలిపి వాడతాయి.

ఇప్పుడు అసలు సంగతి. రాడార్ బయట మైదానంలో ఉంటే బాల్ ఎగిరినంత దూరం చూస్తుంది, ఎక్కడ వంకర తిరిగింది, ఎక్కడ కిందకి దిగింది, అంతా. ఇంట్లో? బాల్ నుంచి నెట్ దాకా ఓ 8, 10 అడుగులు. నా 7 ఐరన్‌తో (ఐరన్ అంటే ఇనప తల ఉన్న గోల్ఫ్ కర్ర, కర్రనే క్లబ్ అంటాం, నంబర్ పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది) బాల్ స్పీడ్ గంటకి 110 మైళ్ళ దగ్గర ఉంటుంది అనుకోండి, 8 అడుగులు దాటడానికి దానికి పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు. ఆ స్పీడ్‌కి నిమిషానికి 6500 చుట్ల స్పిన్ ఉందనుకుంటే, నెట్‌కి తగిలే లోపు బాల్ తిరిగేది ఐదారు చుట్లు, అంతే. ఆ కాస్త చూపులోంచే 150 గజాల ప్రయాణం మొత్తం ఊహించి తెర మీద గీస్తోంది. బాల్ స్పీడ్ పట్టుకోడానికి ఆ కాసేపు చాలు. ఏ కోణంలో లేచింది, అదీ చాలావరకు చాలు. స్పిన్ ఎంత, ఆ స్పిన్ ఇరుసు ఎటు వంగింది అన్నది చెప్పాలంటే మాత్రం చౌక రాడార్‌కి అది చాలదు, కాబట్టి క్లబ్ స్పీడ్, క్లబ్ దారి, లేచిన కోణం చూసి "ఈ పాటి దెబ్బకి ఈ పాటి స్పిన్ ఉండాలి" అని వేసేస్తుంది.

అందుకే స్పెషల్ బాల్స్ వచ్చాయి. టైటిలిస్ట్ వాళ్ళు 2022లో ఆర్‌సీటీ అని తెచ్చారు, బాల్ కవర్ కింద రాడార్‌కి కనపడే గుర్తు ఉంటుంది, అది తిరగడం రాడార్ పట్టుకుంటుంది. మేవో వాడేవాళ్ళు బాల్‌కి చిన్న మెటల్ చుక్కల స్టిక్కర్ అతికిస్తారు. రాప్సోడోకి గుర్తులు అచ్చువేసిన బాల్స్ కావాలి. ఇంట్లో రాడార్ వాడుతూ మామూలు బాల్‌తో కొట్టి స్పిన్ నంబర్ చూసి కంగారు పడేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి నా మాట ఒకటే, ఆ బాల్స్ కొనండి, లేదంటే స్పిన్ కాలమ్‌ని స్క్రీన్ మీంచి తీసేయండి. నేను తీసేశాను. మనసు చాలా తేలికపడింది.

కెమెరా మిషన్లలో స్పిన్ నేరుగా కొలిచేదే కాబట్టి ఇంటి లోపలికి సూత్రప్రకారం కెమెరాదే పైచెయ్యి. జీసీక్వాడ్ లాంటిది 10,000 డాలర్లు దాటుతుంది, దాని మీద కస్టమ్స్ సుంకం, అది మనలాంటివాళ్ళ ఇంటికి వచ్చేది కాదు. ఈమధ్య చౌక కెమెరా మిషన్లు కూడా వస్తున్నాయి, అది మంచి కబురు. కెమెరాకి ఉన్న ఇబ్బందల్లా వెలుతురు, కిటికీలోంచి ఎండ పడినా, బాల్ చెప్పిన చోట పెట్టకపోయినా చదవదు లేదా తప్పు చదువుతుంది.

మరి నా మిషన్ ఎంత నిజం చెప్తోంది? విశాఖలో ఒక ఇండోర్ అకాడమీలో ఖరీదైన కెమెరా మిషన్ ఉంటే అక్కడికి నాది పట్టుకెళ్ళి రెండూ ఒకేసారి పెట్టి, ఒకే దెబ్బని రెండిటితో కొలిపించాను, వాళ్ళు ఒప్పుకున్నారు, చాలా మంచివాళ్ళు. బాల్ స్పీడ్‌లో తేడా ఒకటి రెండు మైళ్ళు. లేచిన కోణం ఒక డిగ్రీ అటూఇటూ. ఐరన్లతో క్యారీ, అంటే బాల్ గాల్లో వెళ్ళిన దూరం, చాలా దెబ్బలకి నాలుగైదు గజాల్లోనే కలిసింది. స్పిన్ మాత్రం వందల్లో తేడా, కొన్నిసార్లు వెయ్యి పైన. బాల్ కుడికి వంగిందా ఎడమకి వంగిందా అన్నది కొన్ని దెబ్బలకి రెండు మిషన్లూ ఎదురెదురుగా చెప్పాయి. డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే పొడుగు క్లబ్‌తో, తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే డ్రైవర్‌లో స్పిన్ కాస్త అటూఇటూ అయితే దూరమంతా మారిపోతుంది. అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్ ఆడేవాళ్ళ డ్రైవర్ స్పిన్ సగటు నిమిషానికి 2500, 2700 చుట్ల మధ్య ఉంటుంది, మనలాంటివాళ్ళకి 3500 పైన పోవడం మామూలే, మిషన్ మనకి 2700 అని ఊహించి వేసేస్తే మనం టూర్‌కి వెళ్ళిపోవచ్చు అనిపించేంత దూరం చూపిస్తుంది.

కాబట్టి నా వరస ఇది. బాల్ స్పీడ్‌ని కళ్ళు మూసుకుని నమ్ముతాను. లేచిన కోణాన్నీ, మొదట ఎటు బయల్దేరింది అన్నదాన్నీ మిషన్ సరిగ్గా సర్దిపెట్టి ఉంటే నమ్ముతాను. ఐరన్ క్యారీని ఐదు గజాలు అటూఇటూగా నమ్ముతాను. వంకర ఎంత, స్పిన్ ఎంత, కిందపడ్డాక ఎంత దొర్లింది, డ్రైవర్ మొత్తం దూరం ఎంత, ఇవి నమ్మను. క్లబ్ పాత్ (క్లబ్ ఏ దారిన వచ్చింది), ఫేస్ యాంగిల్ (క్లబ్ ముఖం ఎటు తిరిగి ఉంది) అని చౌక మిషన్లు చూపించేవి అసలు చూడను, వాటిని చూసి స్వింగ్ మార్చుకోవడం ప్రమాదం.

దీంట్లో ఇంకో మాట ఉంది. ప్రాక్టీస్‌కి కావల్సింది ముఖ్యంగా ఒకేలా చెప్పడం. సంతలో ఒకావిడ తరాజు కిలోకి యాభై గ్రాములు తక్కువే తూచనీ, ప్రతిసారీ అదే యాభై తక్కువ అయితే ఈ వారం చింతపండు పోయిన వారం కంటే ఎక్కువొచ్చిందా లేదా అన్నది ఆ తరాజే చెప్పేస్తుంది. నా మిషన్ 7 ఐరన్‌ని నిజం కంటే మూడు గజాలు ఎక్కువ చూపిస్తే చూపించనీ. 7కీ 8కీ మధ్య తేడా 11 గజాలు, 8కీ 9కీ మధ్య ఐదే గజాలు అని చూపించిందనుకోండి, ఆ ఐదు అన్నది నిజమైన సమస్య, దాన్ని పట్టుకోవచ్చు.

గది సంగతి. సరిగ్గా పెట్టని మంచి మిషన్ కంటే సరిగ్గా పెట్టిన చౌక మిషన్ నయం. మన ఇళ్ళల్లో స్లాబు 10 అడుగులు ఉంటుంది, దానికి సీలింగ్ ఫ్యాన్ వేలాడుతూ ఉంటుంది. ఫ్యాన్ తీసేయండి. క్లబ్ తగుల్తుందని ఒక కారణం, రాడార్ వాడేవాళ్ళకి రెండో కారణం కూడా ఉంది, రాడార్ చూసేది కదలికని, తిరిగే రెక్కలు కూడా కదలికే, చదవడం చెడిపోతుంది. పాత ట్యూబ్‌లైట్లతో కూడా రాడార్‌కి పడదు. నెట్ విషయానికొస్తే చాలామంది క్రికెట్ నెట్ కట్టేస్తున్నారు, వద్దు, గోల్ఫ్ బాల్ అడ్డం 42.67 మిల్లీమీటర్లు, క్రికెట్ నెట్ కన్నాలు చాలావాటికి దానికి సమానంగానో ఇంకా పెద్దగానో ఉంటాయి, స్పీడ్‌గా పోయే బాల్ దూరిపోయి గోడకి తగిలి తిరిగి ముఖం మీదకి వస్తుంది. గోల్ఫ్ కోసం నేసిన చిన్న కన్నాల నెట్టే కట్టాలి, దాని వెనక పాత దుప్పటి వదులుగా వేలాడదీస్తే ఇంకా మంచిది.

సర్దడం అన్నది జనం నిర్లక్ష్యం చేస్తారు గానీ చిన్న లెక్క చూడండి. మిషన్ ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉంటే 150 గజాల దగ్గర అది 2.6 గజాలు తప్పు. మూడు డిగ్రీలు తిరిగి ఉంటే దాదాపు 8 గజాలు, అంటే గ్రీన్ (కన్నం ఉండే నున్నటి గడ్డి) మీద పడాల్సింది బంకర్‌లో (ఇసక గోతిలో) పడినట్టు చూపిస్తుంది, మనం లేని తప్పుకి మందు వేసుకుంటాం. కంటి అంచనాతో పెట్టకండి. మా మేస్త్రీ దగ్గర దారం, రసమట్టం తీసుకుని బాల్ దగ్గర్నుంచి తెర మధ్య దాకా దారం లాగి, నేల మీద పెయింట్ గీత వేయించాను, మిషన్ కింద చెక్క పలక రసమట్టంతో చదును చేసి బిగించేశాను, ఇక కదపను. ముందుకో వెనక్కో వాలి ఉంటే లేచే కోణం తప్పు వస్తుంది, అది ఎవరూ కనిపెట్టలేరు కూడా.

ఇక మ్యాట్. నన్నడిగితే ఇంటి సిమ్యులేటర్‌లో అబద్ధం చెప్పేది మిషన్ కంటే మ్యాట్ ఎక్కువ. ఇది ఎంత చెప్పినా తక్కువే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నిజమైన గడ్డి మీద ఐరన్ దెబ్బ ఎలా ఉండాలి, క్లబ్ ముందు బాల్‌కి తగలాలి, ఆ తర్వాత నేలకి తగిలి ముందువైపు చిన్న పెళ్ళ లేవాలి, దాన్నే డివాట్ అంటాం. మనలాంటివాళ్ళం ఎక్కువగా చేసే తప్పు బాల్‌కి రెండంగుళాలు వెనకాల నేలని కొట్టడం. మైదానంలో అలా కొడితే క్లబ్ మట్టిలో దిగబడిపోతుంది, బాల్ సగం దూరం కూడా వెళ్ళదు, ముందున్న నీళ్ళలో పడుతుంది. శిక్ష వెంటనే తెలుస్తుంది. మ్యాట్ మీద అదే దెబ్బకి క్లబ్ అడుగు మ్యాట్ మీద తగిలి, దిగబడకుండా జారి, ఎగిరి బాల్‌కి తగులుతుంది. బాల్ స్పీడ్ కొంచెం తగ్గుతుంది అంతే. మిషన్ చూసేది బాల్‌ని, క్లబ్ నేలకి ఎక్కడ తగిలిందో చాలా మిషన్లకి తెలీదు. తెర మీద 140 గజాలు, చక్కటి దెబ్బ. నిజానికి అది 90 గజాల దెబ్బ. మిషన్ అబద్ధం చెప్పలేదు పాపం, బాల్ నిజంగానే ఆ స్పీడ్‌తో వెళ్ళింది, కానీ గడ్డి మీద ఆ స్పీడ్ రాదు. చలికాలమంతా ఇలా సాధన చేసినవాడు మార్చిలో గడ్డి మీదకి వెళ్తే ఏటి ఇలా అయిపోయింది అనుకుంటాడు. అయినదేమీ లేదు, నాలుగు నెలలుగా ఉన్న తప్పే, మ్యాట్ కప్పిపెట్టింది.

దీనికి మందు ఖర్చులేనిది. బాల్‌కి నాలుగు అంగుళాలు వెనకాల మడతపెట్టిన తువ్వాలు వేసుకోండి, తువ్వాలు తగిలిందంటే వెనకాల కొట్టినట్టే, ఆ దెబ్బ తెర మీద ఎంత చూపించినా లెక్కలోకి తీసుకోకండి. నేను ఇంకోటి చేస్తాను, మ్యాట్ మీద చాక్‌పీస్‌తో అడ్డగీత గీసి, ముందు బాల్ లేకుండానే ఊపుతాను, గీత ఎక్కడ చెరిగిందో చూస్తాను, గీతకి ముందువైపు చెరిగితే మంచిది, వెనకవైపు చెరిగితే బాల్ పెట్టే అర్హత ఇంకా రాలేదు. చెవి కూడా వాడాలి. నేల కంటే ముందు బాల్‌కే తగిలిన దెబ్బ శబ్దం టక్కుమని ఒక్కటే ఉంటుంది, వెనకాల కొట్టింది దబ్ టక్ అని రెండు శబ్దాలు. షెడ్డులో ప్రొజెక్టర్ గేమ్ శబ్దం ఆపేసి కొడితే ఇది బాగా తెలుస్తుంది. పొద్దెక్కి మంచు విడిచాక పెరట్లో కాస్త మెత్తని నేల ఉంటే అక్కడ స్పాంజ్ బాల్‌తో కాసిన్ని దెబ్బలు కొట్టండి, మా ఎర్రమట్టిలో పెళ్ళ ఎక్కడ లేచిందో స్పష్టంగా కనపడుతుంది, ఏ మిషనూ చెప్పలేని నిజం అది.

ఒంటి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సిమెంటు నేల మీద పల్చటి మ్యాట్ వేసుకుని వందలకొద్దీ దెబ్బలు కొడితే మోచెయ్యి పోతుంది. సునాబెడలో మా నాన్నగారి స్నేహితులు ఒకాయన, నేను బాబాయ్ అంటాను, రిటైరయ్యాక ఎంతో ఇష్టంగా మొదలుపెట్టి మోచేతి నొప్పితో క్లబ్ పట్టుకోలేని పరిస్థితికి వచ్చారు. మంచి బాబాయ్, ఎంతో ఓపికమంతుడు, ఆయన్ని అలా చూస్తే బాధేసింది. మ్యాట్ కింద జిమ్‌లో పరిచే మందపాటి రబ్బరు పలకలు వేయించాం, కొట్టే చోట మాత్రం కింద జెల్ ఉన్న స్ట్రిప్ పెట్టించాం, ఐరన్లు తగ్గించి వెడ్జ్‌లు (తక్కువ దూరానికి బాల్‌ని ఎత్తుగా లేపే క్లబ్‌లు) ఎక్కువ కొడుతున్నారు, ఇప్పుడు నయం. డబ్బు పరిమితంగా ఉంటే ముందు మ్యాట్ మీద పెట్టండి, తర్వాతే ప్రొజెక్టర్. తెర లేకపోయినా ఫోన్‌లో నంబర్లు కనపడతాయి, మోచెయ్యి పోతే ఇంకేం లేదు.

మా ఎత్తు గురించి ఒక లెక్క. ఇది కింద ఊళ్ళవాళ్ళకి అక్కర్లేదు గానీ కోరాపుట్, సెమిలిగుడ, సునాబెడ వాళ్ళకి అవసరం. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, అంటే 2800 అడుగుల పైమాట. ఈ ఎత్తులో గాలి సముద్రతీరం కంటే దాదాపు 8 శాతం పలచన, అందుకని బాల్ ఎక్కువ దూరం పోతుంది, వెయ్యి అడుగులకి సుమారు 1 శాతం పైన అని లెక్క, కాబట్టి 150 గజాల దెబ్బకి ఐదు గజాలు కలుస్తాయి. చలి దీనికి ఎదురు పని చేస్తుంది, 10 డిగ్రీల గాలి 30 డిగ్రీల గాలి కంటే 7 శాతం చిక్కన. కాబట్టి జనవరి పొద్దున్న మా కొండ మీది గాలీ, మధ్యాహ్నం విశాఖ గాలీ బాల్‌కి దాదాపు ఒకటే! నాకు ఈ లెక్క కుదిరిన రోజు ఎంత సంతోషం వేసిందో.

కానీ షెడ్డులో బాల్ ఎగిరేది పది అడుగులే కదా, దానికి గాలితో పనేముంది. దూరం లెక్కకట్టేది సాఫ్ట్‌వేర్, మనం ఏ ఎత్తు, ఏ ఉష్ణోగ్రత సెట్టింగ్‌లో ఇస్తే ఆ గాలిలో ఎగరేస్తుంది. జీఎస్ ప్రో లాంటి సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్లలో మనం ఎంచుకున్న కోర్స్‌ని, అంటే గోల్ఫ్ మైదానాన్ని, బట్టి కూడా ఎత్తు మారుతుంది, కొండ మీది అమెరికా కోర్స్ ఒకటి ఎంచుకుని ఆడి "నా 7 ఐరన్ 165 పోతోంది" అని మురిసిపోయే ప్రమాదం ఉంది. నేను ఆడేది విశాఖలో, కాబట్టి ప్రాక్టీస్ రేంజ్ సెట్టింగ్‌లో ఎత్తు సున్నా, ఉష్ణోగ్రత విశాఖది. మీరు ఆడే చోటుది పెట్టుకోండి, ఉండే చోటుది కాదు. బాల్స్ మాత్రం షెడ్డులో రాత్రంతా వదిలేయకండి, చల్లబడిన బాల్‌కి స్పీడ్ తగ్గుతుంది, ఇంట్లో పెట్టుకుని తెచ్చుకోండి. నిజం ఆటలో బాల్‌ని కావాలని వేడిచెయ్యడం రూల్స్ ప్రకారం కుదరదు, ఇంట్లో నంబర్ నిలకడగా రావడానికి ఇది పర్లేదు. మనిషి కూడా చల్లబడతాడు, స్వెట్టర్ వేసుకుని కొట్టే దెబ్బకి స్పీడ్ కొన్ని మైళ్ళు తగ్గుతుంది, అది చూసి ఇంకా గట్టిగా ఊపకండి, వేడెక్కాక వచ్చే నంబర్లే రాసుకోండి.

పట్టింగ్ (గ్రీన్ మీద బాల్‌ని కన్నంలోకి దొర్లించడం), చిప్పింగ్ (గ్రీన్ దగ్గర్నుంచి బాల్‌ని చిన్నగా ఎత్తి వెయ్యడం), బంకర్ దెబ్బలు. దీని మీద నా అభిప్రాయం గట్టిది, సిమ్యులేటర్‌లో ఇవి చెయ్యకండి. మెల్లగా దొర్లే బాల్‌ని చాలా మిషన్లు సరిగ్గా చదవవు, చదివినా గ్రీన్ వాలు కాలికి తెలీదు, కంటికి బొమ్మలో గీతల్లా కనపడుతుంది. టైగర్ వుడ్స్, రోరీ మెకిల్‌రాయ్ కలిసి మొదలుపెట్టిన టీజీఎల్ అని ఒక లీగ్ 2025 జనవరిలో ఫ్లోరిడాలో మొదలైంది, ఇండోర్ గోల్ఫ్, 64 అడుగుల వెడల్పు, 53 అడుగుల ఎత్తు తెర. దూరపు దెబ్బలు తెర మీదకే కొడతారు, అదీ నిజమైన గడ్డి మీంచి. గ్రీన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెర వదిలేసి, తిరిగే వేదిక మీద కట్టిన గ్రీన్ మీద నిజంగానే పట్ చేస్తారు. అంత డబ్బు, అంత టెక్నాలజీ ఉన్నవాళ్ళే మ్యాట్ వద్దని గడ్డి తెచ్చుకున్నారు, పట్టింగ్ తెర మీద వద్దనుకున్నారు. ఈ రెండు సంగతులూ చూశాక నాకు ఇక సందేహం లేదు.

అలాగని పట్టింగ్ వదిలేయమని కాదు. మన అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, దూరం కొట్టడంలో ఆ ఆటగాళ్ళలో వెనకే ఉంది, పట్టర్‌తో నిలబడింది. రాత్రి భోజనాలయ్యాక హాల్లో గచ్చు మీద కార్పెట్ పరిచి ఆరడుగుల పట్‌లు చేస్తే సిమ్యులేటర్‌లో గంట కంటే ఎక్కువ లాభం. మా అమ్మ పక్కనే టీవీ చూస్తూ "ఒరే, కాళ్ళ మీద నుంచి పోనీకురా" అంటుంది, అది తప్ప ఇబ్బందేమీ లేదు.

ఈ సిమ్యులేటర్‌తో నేను శీతాకాలం చేసేది ఏటంటే, ముఖ్యంగా క్యారీ పట్టిక. ప్రతి ఐరన్‌తో కొట్టి, పూర్తిగా చెడిపోయిన దెబ్బలు తీసేసి, మధ్యలో వచ్చే నంబర్ రాసుకుంటాను. ఎక్కువ పోయిన నంబర్ కాదు, మధ్యది. మనం అందరం జీవితంలో ఒకసారి కొట్టిన దూరాన్నే మన దూరం అనుకుంటాం, మైదానంలో ఎప్పుడూ గ్రీన్‌కి ముందే పడిపోవడానికి కారణం అదే. తర్వాత వెడ్జ్‌తో 50, 60, 70, 80 గజాలు, ఇది ఇంట్లో చేసుకోదగ్గ పనుల్లో అన్నింటికన్నా విలువైనది, ఎందుకంటే తక్కువ దూరంలో మిషన్ తప్పు కూడా తక్కువే, రెండు మూడు గజాల్లో ఉంటుంది. దీంట్లో ఒక ఆట పెట్టుకున్నాను, దెబ్బ కొట్టి తెర చూడకుండా ముందు నోటితో నంబర్ చెప్పాలి, "63" అని, ఆ తర్వాత చూడాలి. చలికాలం మొదట్లో పది గజాలు తప్పుతాను, పోనుపోను చేతికే తెలిసిపోతుంది. మిషన్ వల్ల నాకు దొరికిన అసలు లాభం ఇదే అనుకుంటాను, విశాఖలో మిషన్ ఉండదు కదా, చెయ్యే ఉంటుంది.

డ్రైవర్‌తో బాల్ స్పీడ్ ఒక్కటే చూస్తాను. ఒక మైలు స్పీడ్ పెరిగితే సుమారు రెండు గజాల దూరం. స్మాష్ ఫ్యాక్టర్ అని చూపిస్తుంది, బాల్ స్పీడ్‌ని క్లబ్ స్పీడ్‌తో భాగిస్తే వచ్చేది, డ్రైవర్‌కి 1.5 దగ్గర ఉంటే నడిమధ్య తగిలినట్టు, కానీ చౌక మిషన్‌లో క్లబ్ స్పీడ్ అంత నిక్కచ్చి కాదు, అందుకని డ్రైవర్ ముఖం మీద ఫుట్ పౌడర్ చల్లి గుర్తు ఎక్కడ పడిందో చూడటం ఇంకా నమ్మకం. 18 హోల్స్ పూర్తిగా ఆడటం ఆదివారం మా మేనల్లుడు వచ్చినప్పుడు మాత్రమే, వాడికి సరదా, నాకూ సరదానే. దాన్ని ప్రాక్టీస్ అని మాత్రం అనను, ఎందుకంటే అక్కడ ప్రతి బాల్ చదునైన మ్యాట్ మీదే ఉంటుంది, విశాఖ కోర్స్‌లో రెండు కాళ్ళూ ఒకే ఎత్తులో ఉండే చోటు వెతుక్కోవాలి. సిమ్యులేటర్‌లో వచ్చిన స్కోరు చూసి హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆట మెరుగు) తగ్గిందనుకునేవాళ్ళకి దయచేసి ఈ ముక్క చూపించండి.

మా బావ ఈ మధ్యే కొనడానికి సిద్ధమయ్యాడు, "ఏది కొనమంటావు" అన్నాడు. ఆయన షెడ్డు పొడవు తక్కువ, గోడ నుంచి గోడకి 12 అడుగులు. రాడార్ బాల్‌కి ఆరేడు అడుగులు వెనకాల ఉండాలి, బాల్ ముందు 8 అడుగులైనా ఉండాలి, మొత్తం 14, 15 అడుగులైనా కావాలి. కాబట్టి ఆయనకి బాల్ పక్కన పెట్టుకునే కెమెరా మిషనే గతి, పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ వేసుకుంటే చాలు. పొడవు ఉండి డబ్బు తక్కువున్నవాళ్ళకి రాడార్, గుర్తులున్న బాల్స్. రాయగడ నుంచి ఒక తమ్ముడు మేడ మీద గదిలో పెట్టొచ్చా అని అడిగాడు, స్లాబు 9 అడుగులే అన్నాడు. తమ్ముడూ, ముందు బాల్ లేకుండా మెల్లగా డ్రైవర్ ఊపి చూడు, పైన జానెడు ఖాళీ లేకపోతే డ్రైవర్ ఆ గదిలోకి తేకు, ఐరన్లూ వెడ్జ్‌లూ కొట్టుకో. కింద ఎవరైనా పడుకుంటారేమో కనుక్కో, మ్యాట్ మీద దెబ్బ శబ్దం కింద గదిలో బాగా వినపడుతుంది.